ఇద్దరూ తగ్గాల్సిన చోటు

నిదానం గారికి ఒకటే జబ్బు: అడిగిన మాటకి వెంటనే జవాబు చెప్పరు. చెవుడు లేదు, నత్తి లేదు, పొగరు అసలే లేదు. జవాబు ఉంటుంది. కాకపోతే అది లోపలెక్కడో బయల్దేరి, దారిలో నాలుగు చోట్ల ఆగి, సేదతీరి, తీరిగ్గా నోటి దగ్గరికి వస్తుంది. అప్పటికి అడిగినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు.

పొద్దున "టీ పెట్టనా?" అని భార్య అడిగితే, ఆవిడ డ్యూటీకి తయారై చెప్పులు వేసుకుంటుండగా "పెట్టు" అని వినబడుతుంది. సెలూన్లో "చెవుల మీద జుట్టు ఉంచమంటారా సార్?" అని అడిగితే, మెడ మీద పౌడరు అద్దుతుండగా "ఉంచండి" అన్నారు. ఆయన మైకుల పని చూసే సభాభవనంలో అయితే ఒకసారి పెద్ద రభసే జరిగింది. కొత్త గుమాస్తా ఒకాయన "మీకు షుగర్ ఉందాండీ?" అని మర్యాదకి అడిగాడు. మర్నాడు పై అధికారి ఆ గుమాస్తాని నిలబెట్టి "ఏమయ్యా, నీకు బుద్ధుందా?" అని కేకలేస్తున్నాడు. సరిగ్గా అప్పుడు పక్కనుంచి నిదానం గారి జవాబు వచ్చింది: "లేదండీ."

అసలు పేరేమిటో వీధిలో సగం మందికి తెలియదు. తపాలా ఆయన కూడా "నిదానం గారూ!" అనే పిలుస్తాడు, పిలిచి మెట్ల మీద కూర్చుంటాడు.

ఇలాంటి మనిషికి భార్యగా ఆ దేవుడు ఎవర్ని ఇచ్చాడయ్యా అంటే, పెద్ద బట్టల కొట్లో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చునే ఆవిణ్ణి. రంగు వెలిసింది, జిప్పు ఊడింది, సైజు చాల్లేదు అంటూ వచ్చేవాళ్ళకి రెప్ప పడేలోగా జవాబు చెప్పడమే ఆవిడ ఉద్యోగం. కొట్లో అందరూ ఆవిణ్ణి 'తక్షణం మేడమ్' అంటారు. పెళ్ళి మాట కూడా ఆవిడే ఎత్తింది. "నన్ను చేసుకుంటారా?" అని అడిగి, చూసి, చూసి, విసుగెత్తి, "మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, సరే" అని తనే ముహూర్తం పెట్టేసుకుంది. మిగతా అర్ధం ఇప్పటికీ రాలేదని ఆవిడ ఫిర్యాదు.

"ఆలస్యం అమృతం విషం అన్నారండీ పెద్దలు!"

నిదానం గారు ఆ మాటని కాసేపు అలా ఉంచి, "నిదానమే ప్రధానం అని కూడా అన్నారు" అంటారు.

"ఆ అన్నవాళ్ళకి డ్యూటీకి టైమవ్వలేదు."

ఈ నిదానానికి ఆయన దగ్గర ఓ సిద్ధాంతం కూడా ఉంది. అది తెలియాలంటే ముందుగదిలో నిలబడ్డ రెండు స్పీకర్ల గురించి చెప్పాలి. భుజాల ఎత్తు చెక్క పెట్టెలు, ఆయన స్వహస్తాలతో కోసి అతికించినవి. ఒక్కో పెట్టెలో కింద పళ్ళెమంత ఊఫర్, దాని మీద మిడ్, అన్నిటికన్నా పైన గుండీ అంత ట్వీటర్. ఊఫర్ లావు గొంతు, ట్వీటర్ సన్న గొంతు, మధ్యవాడు మధ్య గొంతు. మామూలు స్పీకర్లలో పాట అంతా ఒకే తీగలో వచ్చి, లోపల ముగ్గురికీ పంపకమవుతుంది. మన ఆయనకి అది నచ్చలేదు. చెప్పుల డబ్బా అంత ప్రాసెసర్ ఒకటి తయారు చేసి, పాట లోపలికి వెళ్ళకముందే అంకెల్లోకి మార్చి, కోసి, ఎవరి వాటా వాళ్ళకి విడివిడిగా పంపించే ఏర్పాటు చేశారు. దాన్ని డిజిటల్ క్రాసోవర్ అంటారు. ఎవరి వాటాకి వారి ఆంప్లిఫయర్. అంటే రెండు పెట్టెలకీ కలిపి ఆరు.

"ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఒక పాట వినడానికి ఆరు ఆంప్లిఫయర్లా?" అంది తక్షణం గారు.

"ముగ్గురు కలిసి మోయాల్సిన బరువు ఒక్కడి నెత్తిన పెడితే వాడు మూలుగుతాడోయ్" అన్నారు నిదానం గారు, ఆ వారం చివర్లో.

కోసి పంచడంతో పని అయిపోతే ఎంత బాగుండును! ముగ్గురి గొంతులూ చెవికి ఒకేసారి చేరాలి. ట్వీటర్‌ది తొందరపాటు, కాస్త ముందే వచ్చేస్తుంది. ఊఫర్ పెద్దమనిషి తీరిక, కాస్త వెనక. అందుకని ప్రాసెసర్‌లో ట్వీటర్‌కి డిలే పెట్టాలి, అంటే దాన్ని రవ్వంత సేపు గుమ్మంలో ఆపాలి.

"వెనకపడ్డవాణ్ణి తొందరపెట్టలేమోయ్. ఎప్పుడూ ముందున్నవాణ్ణే ఆపాలి" అనేవారు ఆయన. అలా అనేటప్పుడు మాత్రం భార్య వంక చూసేవారు కాదు, ధైర్యం చాలక.

ఆపాల్సింది ఎంతో తెలుసుకోవడానికి ఆయన మైకు పెట్టి కొలిచేవారు. పెన్సిలంత మైకు సోఫా మీద తల ఉండే ఎత్తులో స్టాండుకి బిగించి, ఒక కూత పెట్టేవారు. ఆ కూత పాతాళంలో 'ఊఊఊ' అని మొదలై, కిటికీ అద్దాలు కదిలించుకుంటూ పైకి లేచి, చివరికి దోమ చెవిలో దూరినట్టు 'ఈఈఈ' అని ముగిసేది. అది ముగియగానే ఎదురింటి కుక్క అందుకునేది. కుక్క అందుకోగానే మేడమీద నేల మీద ధన్, ధన్ అని కర్ర చప్పుడు. వీధివాళ్ళకి ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఆదివారం కూత వినబడకపోతే ఆయనకి ఒంట్లో ఎలా ఉందోనని కనుక్కునేవారు.

"ఇంకా ఎన్నాళ్ళండీ ఈ కొలతలు? పాట ఎప్పుడు వింటాం?"

"ఇంకొక్క అర డీబీ తగ్గిస్తే అయిపోతుంది." డీబీ అంటే శబ్దానికి తూకంరాయి లాంటిది. ఆ అర డీబీ తగ్గించడం పెళ్ళినాటి నుంచీ జరుగుతూనే ఉంది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన తొందరపడ్డారు. తక్షణం గారి కొలీగ్స్ ఇంటికొస్తున్నారు. "కానివ్వండి, కానివ్వండి, వాళ్ళు గేటు దగ్గరున్నారు!" అని ఆవిడ చేతులు కొడుతుంటే, ఆ కంగారులో కంప్యూటర్ తెరమీద ఎవరికి ఏది పంపాలో గుర్తుపెట్టే గళ్ళలో ఒక గడి అటూ ఇటూ అయింది. ఊఫర్‌కి పోవాల్సిన లావు గొంతు తిన్నగా గుండీ అంత ట్వీటర్‌కి పోయింది. అది 'చిట్' అని ఒక్క మాట అని కన్నుమూసింది. అతిథులు నిశ్శబ్దంలో బిస్కెట్లు తిని వెళ్ళారు. నిదానం గారు ఆ ట్వీటర్‌ని పారేయలేదు, అద్దాల బీరువాలో తన తండ్రి కళ్ళజోడు పక్కన పెట్టుకున్నారు. ఆనాటి నుంచి ఆ గళ్ళని ఎనిమిదేసి సార్లు సరిచూడందే స్విచ్చి ముట్టుకునేవారు కాదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది.

ఇక మేడమీద కర్ర సంగతి. ఆ కర్ర తక్షణం గారి సొంత అక్కది. అక్క టైలరు. మేడమీద ఒక్కతే ఉంటుంది, పొద్దస్తమానం కుట్టుమిషను చప్పుడు వినబడుతూనే ఉంటుంది. పక్కపక్కనే ఉండాలని సరదాపడి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏరికోరి ఈ ఇంట్లో కిందా మీదా అద్దెకి దిగారు. ఆ సరదా ఒక కోటుతో తీరిపోయింది.

మూడేళ్ళ కిందట కొట్లో వేసుకోవడానికి తక్షణం గారికి అక్క ఒక కోటు కుట్టిపెట్టింది. వేసుకుంటే భుజాల దగ్గర పట్టేసి, చేతులు దిష్టిబొమ్మ చేతుల్లా లేచి నిలబడ్డాయి. తక్షణం గారి నోరు ఊరుకుంటుందా?

"ఏమే అక్కా, కోటు కుట్టావా, తేలు కుట్టినట్టు కుట్టావా?"

నవ్వుతూనే అంది. అక్క మాత్రం నవ్వలేదు. ముఖం జేవురించింది.

"బట్టలన్నీ కుట్టాను, ఇక నీ నోటికి వేయడమే మిగిలింది కుట్లు!"

గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. అంతే, మాటలు బంద్. కోటు తలుపు వెనక కొక్కేనికి వేలాడింది. ఎవరైనా సర్దిచెప్పబోతే కింద నుంచి "ఆవిడ తగ్గితే నేనూ తగ్గుతాను", పైనుంచి "చిన్నది, అదే తగ్గాలి." ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. కానీ ఒకే ఇంట్లో ఉన్నాక మాట్లాడకపోతే గడుస్తుందా? నీళ్ళ మోటారు ఎవరు వేయాలి? ఆరేసిన బట్టల నీళ్ళు ఎవరి కిటికీ మీద కారుతున్నాయి? అందుకని మెట్ల మీద పైకీ కిందికీ కబుర్లు మోయడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఉన్న ముగ్గురిలో ఇద్దరు పోగా మిగిలింది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఊరంతటిలోకీ నెమ్మదైన మనిషికి ఇంట్లో అత్యవసరమైన ఉద్యోగం!

"ఏవండీ, మీ వదినగారికి చెప్పండి, తెల్లారకుండానే ఆ మిషను మొదలుపెడితే ఇక్కడ నా బుర్ర తూట్లు పడుతోందని!"

నిదానం గారు పైకి వెళ్తారు. ఎప్పటికో దిగుతారు. దిగాక సోఫాలో కూర్చుంటారు. పేపరు చదువుతారు. తక్షణం గారు గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటూ ఉంటుంది.

"చెప్పారా?"

పేపరు పేజీ తిరుగుతుంది.

"ఏమందండీ?"

రాత్రి భోజనాల దగ్గర జవాబు వస్తుంది. "నీకు నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగింది. రేపటి నుంచి ఆలస్యంగా మొదలుపెడతానంది."

తక్షణం గారు తెల్లబోయేది. అంత మెత్తగా మాట్లాడే అక్క, ఒక్కసారి తన ముఖం చూసి మాట్లాడితే ఏం పోయింది? మర్నాడు మిషను నిజంగానే ఆలస్యంగా మొదలయ్యేది. ఆవిడకి లోపల ఎక్కడో మెత్తబడేది. మెత్తబడినందుకు తన మీద తనకే కోపం వచ్చి, ఆ కోపం కబుర్లు మోసే మనిషి మీద చూపించేది.

"మీతో కబురు పంపడం కన్నా సీసాలో పెట్టి ఏట్లో వదలడం మేలు. మీ కన్నా ముందు చేరుతుంది."

ఇంకో ముచ్చట. ఆ గొడవైన కొత్తలోనే నిదానం గారికి ఒక ఆంప్లిఫయర్ బోర్డు కావాల్సి వచ్చింది. పొద్దున బయల్దేరి బజారుకి వెళ్ళారు, సాయంత్రానికి ఉత్తచేతులతో వచ్చారు. "దొరకలేదు." ఆ తర్వాతి వారం మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ ఉత్తచేతులు. ఆ నెలంతా ఇదే తంతు. "బోర్డు కోసం వెళ్ళినాయన బోర్డు తిప్పేసుకుని వచ్చాడు" అని తక్షణం గారు కొట్లో చెప్పి అందర్నీ నవ్వించింది. ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇలా నడుస్తుండగా, ఒక శనివారం సాయంత్రం నిదానం గారు మైకుకి గుడ్డ చుడుతూ చుడుతూ, ఉన్నట్టుండి అన్నారు.

"మీ అక్కకి పొరుగూళ్ళో కుట్టుపని నేర్పే బళ్ళో ఉద్యోగం ఇస్తామన్నారట. అక్కడే గది కూడానట. వెళ్ళిపోతానంటోంది. ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారట."

"ఏ ఆదివారం?"

ఈసారి జవాబు కాస్త తొందరగానే వచ్చింది. "రేపే."

"ఎప్పుడు చెప్పింది మీకు?"

"సోమవారం."

"సోమవారం చెబితే శనివారం చెబుతారా! పొమ్మనండి! నేనేమైనా పట్టుకున్నానా? వెళ్ళేటప్పుడు మెట్ల మీద లైటు ఆర్పేసి పొమ్మనండి!"

మాట జారింది. మాట వెంటే ఆవిడ గుండె కూడా జారింది. మేడమీద మిషను చప్పుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారిగా చెవులకి తోచింది. అది కాదండీ అనబోయింది. కానీ అప్పటికే నిదానం గారు మైకూ, స్టాండూ, వెనకాల ఈడ్చుకుంటూ చుట్టెడు తీగా పట్టుకుని మెట్లెక్కుతున్నారు. లావు శబ్దాలు తన గదిలోకి వస్తున్నాయని అక్క ఫిర్యాదు. ఎంత వస్తున్నాయో కొలవాలని ఆయన పట్టుదల. పెట్టె సర్దుకుంటున్న మనిషి గదిలో కొలతలేమిటి అని మాత్రం ఆయనకి తోచలేదు.

తక్షణం గారు సోఫాలో కూలబడింది. కంప్యూటర్ తెర వెలుగుతోంది. ఆరు ఆంప్లిఫయర్ల దీపాలూ వెలుగుతున్నాయి. గదిలో ఎవరూ లేరు.

"వచ్చావా? కూర్చో. ఏమంది మీ ఆవిడ?"

తక్షణం గారు ఉలిక్కిపడి లేచి నిలబడింది. అక్క గొంతు! సరిగ్గా రెండు స్పీకర్ల మధ్యన, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు. గాజుల చప్పుడూ, కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడూ కూడా. మూడేళ్ళలో అక్క గొంతు అంత దగ్గర నుంచి వినడం అదే మొదలు. గడిలో ఏదో తేడా వచ్చింది. మైకు కంప్యూటర్‌లోకి మాత్రమే పోవాల్సింది, స్పీకర్లలోకి కూడా పోతోంది. ఆపేద్దామని చెయ్యి చాచింది. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

స్పీకర్లలోంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. నిదానం గారు జవాబు చెబుతున్నారన్నమాట.

"ఏమీ అనలేదు వదినా. చాలాసేపు మాట రాలేదు. తర్వాత, మెట్ల మీద లైటు వేసే ఉంచమంది. చీకట్లో అక్క కాలు జారుతుందేమో అంది."

"ఓరి నా మొగుడో!" అంది తక్షణం గారు పైకే.

"అది అలా అందా?" అక్క గొంతులో నమ్మకం లేదు. "మరిదీ, నేను దాన్ని ఎత్తుకు పెంచాను. ఆ నోట్లోంచి అంత మెత్తని మాట రాదు. నిజం చెప్పు, అసలు ఏమంది?"

మళ్ళీ నిశ్శబ్దం. తక్షణం గారు జీవితంలో మొట్టమొదటిసారి ఆయన జవాబు కోసం విసుక్కోకుండా ఎదురుచూసింది.

"వదినా, ట్వీటర్ అని ఉంటుంది. దానికి తట్టుకోగలిగినంతే పంపాలి. అంతా పంపితే మాడిపోతుంది. నేను ఒకటి చంపాను కూడా. మీ చెల్లెలు అన్నదంతా మీకు పంపితే మీరు మాడిపోతారు. మీరు అన్నదంతా దానికి పంపితే అది మాడిపోతుంది. మాట పెదవి దాటితే పృథివి దాటుతుంది అంటారు కదా. నేను పెదవికీ పృథివికీ మధ్య కాస్త ఆపుతున్నాను, అంతే."

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు నాకు చెప్పినవన్నీ అబద్ధాలా?"

"కాదు వదినా. దాని నోట్లోంచి ముందు వచ్చేది సన్న శబ్దం, చురుక్కుమంటుంది. అసలు శబ్దం లావుది, వెనకాల వస్తుంది. 'పొమ్మనండి' అంటుంది. కాసేపటికి మెట్ల వైపు చూస్తుంది. మీ మిషను ఆగితే వంటింట్లో దాని చేతిలో గరిటె ఆగుతుంది. నేను అదంతా వచ్చేదాకా ఆగి, అది పట్టుకొచ్చి మీకు చెబుతున్నాను. ఆలస్యం అవుతుంది మరి."

తక్షణం గారు చేతిలో గరిటె లేకపోయినా చెయ్యి వంక చూసుకుంది. గరిటె ఆగుతుందని ఆవిడకే తెలియదు. ఇదేం మనిషి, పేపరు చదువుతున్నాడనుకుంటే!

పైన అక్క ముక్కు చీదిన శబ్దం ఆరు ఆంప్లిఫయర్ల గుండా అతి స్పష్టంగా వచ్చింది.

"నా కళ్ళ సంగతి దానికి చెప్పలేదు కదా?"

"లేదు వదినా. చెప్పొద్దన్నారు కదా."

"నేనే చెప్పాల్సింది. శుక్లాలు ముదిరి, టేపు మీద అంకెలు అలుక్కుపోయి, చెల్లెలి భుజం కొలత తప్పు రాసుకున్నాను. బయట వాళ్ళదయితే డబ్బు తిరిగిచ్చి ఊరుకునేదాన్ని. దానిదే తప్పేసరికి నామోషీ అయింది. అది నవ్వుతూ అంటే నేను కత్తి దూశాను. నువ్వు లేకపోతే ఆస్పత్రికి తిప్పి ఆపరేషన్ ఎవరు చేయించేవారు? ఏదో బోర్డు కొనాలని ఇంట్లో అబద్ధం చెప్పి మరీ."

బోర్డు! తక్షణం గారు మళ్ళీ సోఫాలో కూర్చుండిపోయింది. నెల రోజులు ఉత్తచేతులతో తిరిగొచ్చిన మనిషిని చూసి కొట్లో అందరితో కలిసి నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. తన నోటి మాట అక్కకి ఎక్కడ తగిలిందో అప్పుడు తెలిసి, ఏడుపొచ్చింది. దాచుకోవడానికి గదిలో ఎవరూ లేరు కనుక కాసేపు హాయిగా ఏడ్చింది. ఏడుస్తూనే, మూడేళ్ళ నుంచీ తన దగ్గరికి వచ్చిన మెత్తని కబుర్ల సంగతేమిటని అనుమానం వచ్చింది. అక్క అసలు ఏమన్నదో! తలుచుకుంటే ఏడుపులోనే నవ్వొచ్చింది.

"ఒక్క మాట, ఉండమని అంటే ఉండేదాన్ని మరిదీ" అంటోంది అక్క. "అది తగ్గదు. పోనీ నేను తగ్గుదామంటే కాళ్ళు మెట్ల దాకా వచ్చి ఆగిపోతున్నాయి."

"క్రాసోవర్లో అదే రూలు వదినా" అన్నారు నిదానం గారు. ఈసారి ఆలస్యం లేదు, బహుశా ఈ జవాబు మూడేళ్ళ కిందటే బయల్దేరి ఉంటుంది. "ఒక గొంతు ఆగి ఇంకో గొంతు అందుకునే చోటు ఉంటుంది. ఆ చోట ఇద్దరూ తగ్గాలి. ఒక్కరే తగ్గితే గొయ్యి పడుతుంది. ఎవరూ తగ్గకపోతే గోల. ఇద్దరూ చెరి సగం తగ్గితే అతుకు కూడా తెలియదు. లైటు వేసుందో లేదో చూడండి, నేను కిందికెళ్ళి కొలిచొస్తాను."

లైటు! తక్షణం గారు గబుక్కున లేచింది. మెట్ల దగ్గర చిమ్మచీకటి. మొగుడు ఆడిన అబద్ధాన్ని నిజం చేయడానికి పరిగెత్తుకెళ్ళి స్విచ్చి వేసింది. వెనక్కి వస్తుంటే తలుపు వెనక కోటు కనబడింది. ఏం ఆలోచించిందో, కొక్కెం మీంచి లాగి తొడుక్కుంది. చేతులు మళ్ళీ దిష్టిబొమ్మ చేతులయ్యాయి.

అప్పుడే దిగివచ్చిన నిదానం గారు ఆ అవతారాన్ని చూశారు. ఏదో అనబోయి, అలవాటు ప్రకారం అనకుండా ముందుగదిలోకి వెళ్ళిపోయారు.

ఆవిడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. పైన తలుపు తెరుచుకుంది. లైటు నిజంగా వెలుగుతోందో లేదో చూద్దామని అక్క గుమ్మంలోకి వచ్చింది, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. మెట్లు మలుపు తిరిగే చోట ఇద్దరూ ఎదురుపడ్డారు. చెల్లెలు సగం ఎక్కింది, అక్క సగం దిగింది.

అక్క చెల్లెలి ముఖం చూడలేదు. ముందు భుజాలు చూసింది.

"పట్టేసింది కదూ?"

తక్షణం గారి నాలుక చివరికి వెంటనే ఒక జవాబు వచ్చింది. చాలా మంచి జవాబు, చెబితే కొట్లో వారం రోజులు నవ్వుకుంటారు. ఆవిడ దాన్ని ఆపింది. ఆపి ఉంచింది. వెనకాల వచ్చేది వచ్చేదాకా నిలబడింది.

"విప్పి కుట్టక్కా" అంది చివరికి. "నువ్వెళ్ళిపోతే దీన్నెవరు విప్పుతారు?"

అక్క రెండు వేళ్ళతో భుజం కుట్టు తడిమి చూసింది. "గట్టి కుట్లు వేశానే. విప్పడానికి చాలా రోజులు పడుతుంది."

"పట్టనీ."

చెల్లెలు కోటు చేతులతోనే, వంగని చేతులతోనే, అక్కని పట్టుకోబోయింది. సరిగ్గా ఆ క్షణంలో కింద నుంచి 'ఊఊఊ' అని పాతాళంలో మొదలై, మెట్ల కమ్మీని వణికించి, 'ఈఈఈ' అంటూ కూత లేచింది. ఎదురింటి కుక్క అందుకుంది.

"ఆపండీ!" "ఆపవయ్యా!"

అక్కాచెల్లెళ్ళు ఒక్కసారే అరిచారు. కూత ఆగింది. కింద గుమ్మంలోంచి నిదానం గారి తల బయటికి వచ్చింది.

"రెండూ ఒకేసారి చేరాయి" అన్నారు ఎంతో సంతోషంగా. "ఇక డిలే అక్కర్లేదు."

అక్క పొరుగూరు వెళ్ళలేదు. వెళ్ళకపోగా ఇప్పుడు పగలంతా కింద ముందుగదిలోనే ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే, మూడేళ్ళ బాకీ మాటలన్నీ ఇద్దరూ కలిసి తీర్చుకుంటుంటే, ఆయనకి కొలవడానికి క్షణం నిశ్శబ్దం దొరకదు. అర డీబీ అలాగే ఉంది. "కొంచెం తగ్గండమ్మా" అని బతిమాలుకుంటారు. "మేమా?" అంటారు ఇద్దరూ.

తక్షణం గారికి మాత్రం ఒక అనుమానం పీకుతూనే ఉంది. గళ్ళని ఎనిమిదేసి సార్లు సరిచూసే మనిషి, ఆ శనివారం సాయంత్రమే గడి తప్పడమేమిటి? ఒక పొద్దున సూటిగా అడిగేసింది.

"నిజం చెప్పండి. ఆ మైకు స్పీకర్లకి కావాలనే కలిపారా?"

నిదానం గారు ప్రాసెసర్ మీద దుమ్ము తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆవిడ విసుక్కోలేదు. ఈ మధ్య ఆవిడకి కాస్త ఆగడం వచ్చింది. ఆగింది. ఆ రోజు గడిచింది, మర్నాడు గడిచింది.

ఆదివారం మధ్యాహ్నం అక్క విప్పి కుట్టిన కోటు తెచ్చి చెల్లెలికి తొడిగి, ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. "ఏం మరిదీ, ఇప్పుడు సరిపోయినట్టేనా?" అని అడిగింది. "ఏవండీ, టీ పెట్టనా?" అని తక్షణం గారు అడిగింది. వీధిలోంచి తపాలా ఆయన "నిదానం గారూ, ఇంట్లో ఉన్నారా?" అని కేకేశాడు.

నిదానం గారు తల పైకెత్తి, అందరినీ ఒకసారి చూసి, చిన్నగా నవ్వారు.

"అవును" అన్నారు.